దడ కాదు, మిస్సింగు

ఆదివారం పూట పెద్దమ్మను ఒకచోట కదలకుండా కూర్చోబెట్టడమంటే మాటలు కాదు. అయినా ఆ మధ్యాహ్నం చిన్న డాక్టరు ఆ పని సాధించింది. హాల్లో గోడకి తెల్ల దుప్పటి తగిలించి, ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టరుకు రెండు దిండ్లు ఎత్తుపెట్టి, కిటికీలు మూసి, ఎదురుగా పేము కుర్చీ వేసింది.

"ఇక్కడ కూర్చో పెద్దమ్మా. నేను మాట్లాడతాను, నువ్వు వింటావు. మధ్యలో లేవడాల్లేవు."

"సినిమాకి పిలిచినప్పుడు టీ కూడా ఇవ్వాలి."

"ముందు విను. తర్వాత ఇస్తాను."

"ఎక్కకముందే టికెట్టు అడిగే రకం నువ్వు," అని గొణుక్కుంటూ కూర్చుంది పెద్దమ్మ.

చిన్న డాక్టరు గొంతు సవరించుకుంది. ఆసుపత్రిలో ఆమెను అందరూ పిలిచే పేరే అది. గుండె విభాగానికి పెద్దసారు ఒకాయన ఉన్నాడు కాబట్టి ఈమె చిన్న డాక్టరయింది. వచ్చే నెల ఒక పెద్ద సభలో, ఎక్కడెక్కడి నుంచో వచ్చే గుండె డాక్టర్ల ముందు, తన పరిశోధన గురించి మాట్లాడబోతోంది. ఇదే మొదటిసారి. పిలుపు కాగితం మీద పెద్దసారు పేరు కన్నా ముందు తన పేరుంది. పెద్దమ్మ ఆ కాగితాన్ని ఇప్పటికే వీధి చివరి ఇస్త్రీ కొట్టు దాకా తిప్పి వచ్చింది. ఇస్త్రీ ఆయనకు ఆ ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. ఆ మాటకొస్తే పెద్దమ్మకూ రాదు. ఇద్దరూ కలిసి ఆ పేరును చాలాసేపు చూశారట.

"వయసు మీద పడ్డాక చాలామందికి గుండె ఉన్నట్టుండి లయ తప్పుతుంది," అని మొదలుపెట్టింది చిన్న డాక్టరు. "కాసేపు అడ్డదిడ్డంగా కొట్టుకుని, తనంతట తనే సర్దుకుంటుంది. ఈసీజీ తీసే వేళకు బుద్ధిగా కూర్చుంటుంది. దొంగ దొరకడు. దొరక్కపోతే పోనీలే అనుకోవడానికి లేదు. అలా కొట్టుకునేటప్పుడు లోపల నెత్తురు నిలిచిపోయి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం."

దుప్పటి మీద ఒక పట్టీ బొమ్మ పడింది. యాభై దాటిన ఆడవాళ్ళను కాలనీల్లో శిబిరాలు పెట్టి పిలిచి, వాళ్ళ ఛాతీ మీద ఆ పట్టీ అంటించారు. అగ్గిపెట్టె కంటే పెద్దదేమీ కాదు. రెండు వారాల పాటు అది గుండె చప్పుడును గీతగా రాసుకుంటూ పోతుంది. మధ్యలో చిన్న బటనుంటుంది. గుండె దడ వచ్చినప్పుడు ఆ బటను నొక్కమన్నారు. రెండు వారాలయ్యాక పట్టీ విప్పి, గీత ఎక్కడ తప్పిందో, బటను ఎక్కడ నొక్కారో పక్కపక్కన పెట్టి చూశారు.

గీత తప్పిన చోట్లు చాలానే దొరికాయి. వాటి మీద బటను గుర్తులు మాత్రం లేవు.

"అంటే," అంది చిన్న డాక్టరు ఆఖరి బొమ్మ దగ్గర ఆగి. సభలో కూడా సరిగ్గా ఇక్కడే ఆగాలనుకుంది. "ఆడవాళ్ళలో ఈ జబ్బు చప్పుడు చెయ్యదు. గుండె లయ తప్పిన సంగతి వాళ్ళకే తెలియదు. కాబట్టి వాళ్ళను అడిగి లాభం లేదు. యంత్రంతోనే వెతకాలి."

ఆ నాలుగు వాక్యాలంటే ఆమెకు ఎంతో ఇష్టం. ఎన్నిసార్లు తిరగరాసి వాటినంత చిన్నవి చేసిందో ఆమెకే తెలుసు.

పెద్దమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది.

"అర్థమయిందా పెద్దమ్మా?"

"ఎందుక్కాలేదు? ఆడదానికి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలీదంటావు. మా బస్సు కండక్టరూ ఇదే అనేవాడు. ఆయన చెప్పడానికి మాత్రం దుప్పటి కట్టేవాడు కాదు."

"అబ్బా, అలా కాదు. మేం అడిగాం కదా. ఇదిగో, ఇదీ ప్రశ్న. నిన్నే అడుగుతున్నాననుకో. ఈమధ్య మీకు గుండె దడ వచ్చిందా?"

పెద్దమ్మ వీపు ఒక్కసారి నిటారుగా అయింది. "దడా? నాకా? ఎవర్ని చూసి?"

"ఎవర్నీ చూసి కాదు పెద్దమ్మా..."

"మరి దడెందుకొస్తుందే? దడ పుట్టేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటారా?"

స్టీరింగు సంగతి వస్తే పెద్దమ్మతో వాదన కుదరదు. ఆ ఊరి డిపోలో పెద్ద బస్సు నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. కొత్తలో జనం ఎక్కి, డ్రైవరు సీటు వైపు చూసి, దిగిపోయేవాళ్ళు. "దిగేవాళ్ళు త్వరగా దిగండి, నాకు టైమవుతోంది," అనేది ఆవిడ తల కూడా తిప్పకుండా. కొన్నేళ్ళు పోయాక అదే జనం రెండు బస్సులు వదిలేసుకుని ఆవిడ బస్సు కోసం నిలబడ్డారు. డిపోలో ఆవిడకు స్టీరింగమ్మ అని పేరు పడిపోయింది. ఉద్యోగం అయిపోయాక ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. చిన్న కారొకటి పెట్టుకుని ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పుతోంది. "ఏడుపు ఇంటికెళ్ళి తీరిగ్గా ఏడువు తల్లీ, ఇప్పుడు క్లచ్చు వదులు" అనే కేక వీధి మొదట్లోంచే వినిపిస్తుంది.

చనిపోయిన చెల్లెలి కూతుర్ని, అంటే ఈ చిన్న డాక్టర్ని, ఆవిడ ఆ బస్సులోనే పెంచింది. డ్రైవరు పక్కన ఇంజను మీద మూత ఉంటుంది కదా, వెచ్చగా, సన్నగా వణుకుతూ ఉంటుంది, చిన్న డాక్టరు ఎక్కాలు నేర్చుకున్నది దాని మీద కూర్చునే.

"సరే, నీకు దడ లేదు. రాసుకున్నాను," అంది ఆమె నవ్వుతూ. "టీ పెడతాను."

"ముందు మబ్బు చూడు. మేడ మీద బట్టలున్నాయి," అంటూ పెద్దమ్మ అప్పటికే మెట్లెక్కేసింది.

టీ గిన్నె పొయ్యి మీద పెడుతూ చిన్న డాక్టరు మెట్ల మీద అడుగులు విన్నది. పైకి వెళ్ళేటప్పుడు టకటకమన్నాయి. కిందికి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాయి. ఆగి, చాలాసేపు మళ్ళీ వినిపించలేదు. ఆమె గిన్నె దించేసి హాల్లోకి వచ్చింది. పెద్దమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల మూట, దాని మీద గడ్డం, ఒక చెయ్యి రొమ్ము మీద.

"ఏమయింది పెద్దమ్మా?"

"ఏం కాలేదు. ఆగు, అదే పోతుంది."

"ఏది పోతుంది?"

"మిస్సింగు." పెద్దమ్మ విసుక్కుంది. "ఇంజను మిస్సింగు కొడుతోంది, మధ్య మధ్య ఒక దెబ్బ తప్పుతోంది, అంతే. కాసేపు ఆపితే అదే సెట్టవుతుంది. దానికంత మొహం పెట్టకు."

చిన్న డాక్టరు మెట్టు మీద కూర్చుని పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి ఒకటి బలంగా, రెండు హడావిడిగా, తర్వాత ఖాళీ, మళ్ళీ తొట్రుపాటుగా మూడు. ఒక వరసంటూ లేదు. తెర మీద ఇన్నాళ్ళుగా చూస్తున్న గీత అదే. ఇప్పుడు వేళ్ళ కింద ఉంది.

"ఎప్పట్నుంచి?"

"కార్బొరేటరు పాతబడ్డప్పట్నుంచి."

"పెద్దమ్మా!"

"ఏడాది అయ్యుంటుందే. వస్తుంది, పోతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? దడ వచ్చిందా అన్నావు. రాలేదన్నాను. ఇది దడా? దడంటే భయం. ఇది మిస్సింగు."

వంటింట్లో టీ నీళ్ళు చల్లారిపోయాయి. గోడ మీద దుప్పటి ఇంకా వెలుగుతూనే ఉంది. *వాళ్ళను అడిగి లాభం లేదు* అన్న వాక్యం దాని మీద అలాగే ఉంది.

*

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో పెద్దమ్మకు ఈసీజీ తీశారు. బల్ల మీద పడుకుని, ఒంటి నిండా తీగలతో, ఆవిడ ఊరుకోలేదు. "ఇన్ని వైర్లు మా బస్సుకు కూడా లేవమ్మా," అని సిస్టరుతో చెప్పింది. "ఎర్రది ఎర్రదానికే పెట్టావా, చూసుకో." అదృష్టమో ఏమో, దొంగ ఆ రోజు దొరికాడు. గీత అడ్డదిడ్డంగా వచ్చింది. తన సొంత మనిషికి తాను వైద్యం చెయ్యకూడదని చిన్న డాక్టరు పెద్దమ్మను విభాగంలో ఇంకో డాక్టరుకు అప్పగించింది. ఆయన నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర, గుండె వేగం తగ్గించడానికి ఒక మాత్ర రాసి, తాను చెప్పేదాకా కారు ఎక్కవద్దన్నాడు.

"ఎక్కవద్దంటే? పక్క సీట్లో కూడానా?"

"పక్క సీట్లో కూడా."

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే. చెప్పేదేదో త్వరగా చెప్పండి, నాకు టైమవుతుంది."

ఆవిడను ఆటో ఎక్కించి, చిన్న డాక్టరు తన గదికి వచ్చి తలుపు వేసుకుంది. బీరువాలోంచి ప్రశ్నపత్రం తీసింది. ఆ పత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది ఆమే. ఎవరో రాసిచ్చిన తర్జుమా పత్రిక ప్రకటనలా ఉందని తోసేసి, ఊళ్ళో బడిలో నేర్చుకున్న తెలుగుతో, ముసలమ్మలకు కూడా అర్థమయ్యేలా, తానే కూర్చుని రాసింది. దాన్ని చూసి పెద్దసారు మెచ్చుకున్నాడు కూడా. పద్ధతి ప్రకారం, ఆ తెలుగును ఇంకెవరో మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి చూశారు. దడ అన్న మాట వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి, మొదటి మాటతో సరిగ్గా సరిపోయింది. మార్చిన ఆయనా డాక్టర్ల దగ్గర పనిచేసేవాడే. ఆయనకు దడంటే జబ్బు లక్షణం, ఈమెకూ అంతే. ఆసుపత్రి గోడల మధ్య అటూ ఇటూ తిరిగిన మాట ఒక్కసారైనా వీధిలోకి వెళ్ళి రాలేదు.

వీధిలో దడంటే ఏమిటి? దడ పుట్టింది, దడుసుకుంది. యాభై దాటి, పిల్లల్ని పెంచి, ఇళ్ళు ఈడ్చుకొచ్చిన ఆడమనిషిని కొత్తవాళ్ళ ముందు నిలబెట్టి నీకు భయమేస్తోందా అని అడిగితే ఏమంటుంది?

లేదంటుంది.

ఇంజను మూత మీద పెరిగిన పిల్ల తను. మిస్సింగంటే ఏమిటో ఎక్కాలతో పాటే నేర్చుకున్నది. ఆ మాట పెద్దమ్మ నోట వినేదాకా ఇదేదీ తట్టలేదు.

*

పెద్దసారు అంతా విన్నాడు. ఆయన గదిలో మూలగా, రెండు కంప్యూటర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న లెక్కలాయన కూడా విన్నాడు. పరిశోధనలో అంకెలన్నీ ఆయన చేతి మీదుగా పోవాల్సిందే.

"మీ పెద్దమ్మగారికి జబ్బు దొరికింది, సంతోషం," అన్నాడు పెద్దసారు నెమ్మదిగా. "కాని ఒక్క మనిషి చెప్పింది కథ అవుతుంది, రుజువు కాదు. మన దగ్గర వందల మంది గీతలున్నాయి."

"గీతల్లో తప్పు లేదు సార్. నేను అడిగిన మాటలో ఉంది."

"అది నువ్వు అనుకోవడం. నిజంగానే వాళ్ళకు తెలియలేదేమో. అది కూడా జరుగుతుంది, చాలామందిలో."

"అవును సార్. తెలియనివాళ్ళు ఎందరో, తెలిసీ మన మాటకు లేదన్నవాళ్ళు ఎందరో మనకు తెలియదు. అది తెలియకుండా అడిగి లాభం లేదని నేను సభలో చెబితే, విన్నవాళ్ళు అడగడం మానేస్తారు. పట్టీలు లేని ఆసుపత్రులే ఎక్కువ కదా సార్. అక్కడ అడగడం ఒక్కటే ఉంది."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందో, ఆలోచనలో పడ్డాడో తెలియలేదు. "సభ వచ్చే నెలే. ఇప్పుడు ప్రసంగం వెనక్కి తీసుకుంటే మళ్ళీ పిలుస్తారని చెప్పలేను. మొదటి పేరు నీది. అది గుర్తుపెట్టుకుని రేపు చెప్పు."

ఆ సాయంత్రం చిన్న డాక్టరు ఇంటికి వెళ్ళి కుర్చీలో కూలబడింది. పెద్దమ్మ మాత్రల డబ్బా మూత తియ్యలేక దాన్ని తిడుతోంది. జరిగినదంతా విని, డబ్బా పక్కన పెట్టింది.

"ఒకసారి నిండు బండిని సగం దారిలోంచి డిపోకి తిప్పాను, గుర్తుందా? నువ్వు మూత మీదే ఉన్నావు."

ఎందుకు గుర్తులేదు? బ్రేకు తేడాగా ఉందని పెద్దమ్మ బస్సు తిప్పేసింది. జనం నానా మాటలూ అన్నారు. ఆడదానికి బండిస్తే ఇంతే అన్నాడొకాయన. చిన్నపిల్లగా తను ఏడ్చింది. డిపోలో మెకానిక్కు చూసి బ్రేకు గొట్టం చిట్లిందన్నాడు.

"ఆ రోజు చిట్లిందని తేలింది కాబట్టి నన్ను మెచ్చుకున్నారు," అంది పెద్దమ్మ. "తేలకపోయినా తిప్పేదాన్నే. కాలికి తేడా తెలిశాక ముందుకెలా పోతానే? వెనకాల జనం ఉన్నారు కదా." మళ్ళీ డబ్బా అందుకుంది. "నీ బండి, నీ ఇష్టం. దీని మూత తియ్యి ముందు."

*

మర్నాడు ఆమె సభవాళ్ళకు రాసేసింది, ప్రసంగం వెనక్కి తీసుకుంటున్నానని. పంపే ముందు పెద్దసారుకు చూపించింది. ఆయన చదివి, *నేను* అన్నచోట *మేము* అని దిద్ది ఇచ్చాడు. "నా పేరూ ఉంది కదా దాని మీద," అన్నాడు.

ఆ వారంలోనే పట్టీలు పెట్టుకున్న ఆడవాళ్ళు కొందరు ఫలితాలు చెప్పించుకోవడానికి వచ్చారు. చిన్న డాక్టరు కోటు తీసేసి, వాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుంది. దడ అన్న మాట ఎత్తకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

"అమ్మా, మీ గుండె ఎప్పుడైనా మామూలుగా కాకుండా కొట్టుకున్నట్టు ఉంటుందా?"

బట్టలు కుట్టే ఆవిడ ముందు నోరు విప్పింది. "మామూలుగా కాకుండా అంటే... మిషను తొక్కుతుంటే దారం తెగిపోతుంది చూడు. సూది ఒట్టినే టకటకా ఆడుతుంది, కుట్టు పడదు. అలా ఉంటుంది నాకు లోపల."

"ఓహో, నీకూనా?" అంది పక్కావిడ. ఆవిడకు నర్సరీ తోట ఉంది, మొక్కలు పెంచి అమ్ముతుంది. "నాకు మోటారు గాలి పట్టినట్టు వదినా. గుడగుడమంటుంది, నీళ్ళు రావు. అప్పుడు కాళ్ళు తేలిపోతాయి."

"నాకు లోపల చేప ఎగిరినట్టుంటుంది," అంది మూడో ఆవిడ. "మా ఆయనకు చెబితే, రాత్రి తిన్నదేమో అన్నాడు."

బెంచీ అంతా గొల్లుమంది.

"మరి బటను నొక్కలేదేం?" అంది చిన్న డాక్టరు, నవ్వు ఆగాక.

కుట్టుపని ఆవిడ ఆమె వంక వింతగా చూసింది. "దడొస్తే నొక్కమన్నారు కదమ్మా. నాకు దడెందుకు? మా ఇంట్లో నన్ను చూస్తేనే అందరికీ దడ."

*

లెక్కలాయనకు ఈ కబుర్లేవీ ఆనలేదు. "నవ్వుకోడానికి బాగున్నాయి," అన్నాడు. "కాని మీరు బెంచీ మీద కూర్చుని అడిగితే మీ ముఖం చూసి చెబుతారు. ఒకావిడ చెబితే పక్కావిడా చెబుతుంది. ఈసారి చీట్లు వేద్దాం. సగం మందికి పాత మాట, సగం మందికి కొత్త మాట. ఎవరికే మాట పడిందో గీత చూసేవాళ్ళకు తెలియకూడదు. మీకూ తెలియకూడదు."

"కొత్త మాట ఏమిటి మరి?" అన్నాడు పెద్దసారు.

చిన్న డాక్టరు దాని గురించి అప్పటికే చాలా ఆలోచించింది. దడకు బదులు ఇంకో మాట పెడితే అదీ తన మాటే అవుతుంది. "మాట మనం ఇవ్వద్దు సార్. పట్టీ అంటించేటప్పుడు సిస్టరు ఆవిడనే అడుగుతుంది, మీ గుండె మామూలుగా కాకుండా ఉంటే దాన్ని మీరేమంటారు అని. ఆవిడ ఏమంటే అది చిన్న చీటీ మీద రాసి బటను పక్కన అంటిద్దాం. ఏమీ లేదంటే, మామూలుగా కాదు అని రాద్దాం."

"మాటకొక పట్టీనా?" లెక్కలాయన తల పట్టుకున్నాడు. "నేను వీటిని ఏ గడిలో వెయ్యాలి? చేప గడి, మోటారు గడి?"

"మాటను గడిలో వెయ్యక్కర్లేదు. నొక్కారా లేదా, నొక్కినచోట గీత తప్పిందా లేదా, అంతే."

ఆయన కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "ఊరికే నొక్కినవీ లెక్కలోకి వస్తాయి. గీత బాగున్నప్పుడు నొక్కితే అది మీకు వ్యతిరేకం."

"రానివ్వండి."

"తేలకపోతే పాత ఫలితమే నిలుస్తుంది," అన్నాడు పెద్దసారు. "అప్పుడు అదే చెబుతావు."

"చెబుతాను సార్."

అనుమతుల కమిటీ ఒప్పుకునే సరికి వానలు వెలిసి ఎండలు వచ్చాయి. మళ్ళీ శిబిరాలు పెట్టారు, మళ్ళీ పట్టీలు అంటించారు. చిన్న డాక్టరు శిబిరం గది బయట నడవాలోనే ఉండేది. లోపల సిస్టరు ఏ మాటలు రాస్తోందో వినిపించకుండా దూరంగా. ఎప్పుడైనా లోపలినుంచి నవ్వు వినిపిస్తే మాత్రం, ఈవిడది పాత మాట కాదులే అనుకునేది. వెంటనే అలా అనుకోవడం కూడా తప్పేనని ఇంకో రెండడుగులు దూరం జరిగేది.

పెద్దమ్మకు ఇంట్లో ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. డైనింగు టేబులు దగ్గర వంటింటి స్టూళ్ళు వరసగా వేసి, శిష్యురాళ్ళను వాటి మీద కూర్చోబెట్టి, కంచాన్ని స్టీరింగు చేసి పాఠాలు చెప్పింది. "అద్దం చూడవే! అద్దం ఎక్కడుందంటావేం, ఉందనుకో!" మాత్రలు వేళకు వేసుకుంది. మిస్సింగు వచ్చినప్పుడల్లా డాక్టరుకు ఫోను చేసి, "మిస్సింగండీ, ఇప్పుడే," అని చెప్పింది. క్రమంగా ఆ ఫోన్లు తగ్గాయి. ఆయనకు కూడా ఆ మాట అలవాటై, ఆవిడ కాగితాల మీద అదే రాయడం మొదలుపెట్టాడు.

*

ఫలితాలు తెరిచే రోజున పెద్దసారు గదిలో కుర్చీలు చాలలేదు. సిస్టర్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెద్దసారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. చిన్న డాక్టరు తలుపు పక్కన నిలబడింది. ఒక పక్క పాత ఫలితమే నిలుస్తుందేమోనన్న భయం. ఇంకో పక్క, నిలిస్తే నిలవనీ, కనీసం సరిగ్గా అడిగాం అన్న నిబ్బరం. ఇంత నిబ్బరం తనకెక్కడి నుంచి వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

లెక్కలాయన ముందు ఒక్క గీతను తెరిచాడు. "ఇది నమూనాకి," అన్నాడు. పేరు లేదు, నంబరే. తెర మీద గుండె గీత బుద్ధిగా, సమంగా, కుట్టు పడుతున్నట్టు సాగుతోంది. సాగుతూ సాగుతూ ఒకచోట చెదిరింది. దగ్గర దగ్గరగా నాలుగు, ఎడంగా ఒకటి, మళ్ళీ గుంపుగా. ఆ చెదిరిన చోట, మొదట్లోనే, సన్నటి నీలి గుర్తు నిలబడి ఉంది. అదే బటను గుర్తు.

లెక్కలాయన ఆ గుర్తు మీద వేలు పెట్టి చూపించాడు.

ఆయన ఇంకోటి తెరిచాడు. మరోటి తెరిచాడు. కొన్నింటిలో గుర్తు లేదు. నిజంగానే తెలియనివాళ్ళూ ఉన్నారు, పెద్దసారు అన్నట్టే. కొన్నింటిలో గీత బాగానే ఉన్నా గుర్తుంది. కాని తర్వాత రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి వేసిన పటం వచ్చేసరికి గోడకు ఆనుకున్న సిస్టర్లు కూడా ముందుకు వంగారు. పాత మాట గుంపులో గీత తప్పిన చోట్లు ఖాళీగా, ఊడ్చిన వాకిలిలా ఉన్నాయి. సొంత మాట గుంపులో వాటి మీద నీలి గుర్తులు వరసగా దిగి ఉన్నాయి.

"ఊరికే నొక్కినవి లెక్కలో పెట్టినా ఇంతే," అన్నాడు లెక్కలాయన. ఆయన గొంతులో మొదటిసారి అంకె కానిదేదో పలికింది. "రెండుసార్లు చూశాను. మూడుసార్లు చూశాను."

పెద్దసారు కిటికీ దగ్గర్నుంచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను వీళ్ళను," అన్నాడు. "దడ ఉందా అమ్మా, లేదు సార్. సరే, వెళ్ళిరా." అని చిన్న డాక్టరు వైపు తిరిగాడు. "రేపటి నుంచి నా గదిలో ప్రశ్న మారుతుంది. నువ్వు ఈసారి రాసేదానికి పేరు ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. *మీరు దాన్నేమంటారు?*"

"బాగుంది. సభవాళ్ళు మళ్ళీ పిలవకపోతే మనమే ఒక సభ పెడదాం," అని ఆయన నవ్వాడు. సిస్టర్లలో ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, తను రాసిన చీటీల మీద ఎన్ని వింత మాటలున్నాయో ఇప్పుడు చెప్పవచ్చా అని అడిగింది. ఇప్పుడు చెప్పవచ్చన్నారు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

*

మధ్యాహ్నం చిన్న డాక్టరు ఆసుపత్రి గేటు బయటికి వచ్చేసరికి నేర్చుకునేవాళ్ళ బోర్డు తగిలించిన చిన్న కారు రోడ్డు వారన ఆగి ఉంది. స్టీరింగు ముందు ఒక కొత్త పెళ్ళికూతురంత బెదురుచూపుల అమ్మాయి. పక్క సీట్లో పెద్దమ్మ. పక్క సీట్లో కూర్చోవచ్చని డాక్టరు ఆ వారమే ఒప్పుకున్నాడు.

"ఎక్కు ఎక్కు, ఇక్కడ ఆపకూడదు," అంది పెద్దమ్మ. చిన్న డాక్టరు వెనక కూర్చుంది. కారు ఒక కుదుపు కుదిపి, ఆగిపోయింది.

"క్లచ్చు! మెల్లగా... ఆఁ. ఏమయిందే నీ లెక్క?"

ఆమె చెప్పింది. చెదిరిన గీతల సంగతి, వాటి మీద దిగిన నీలి గుర్తుల సంగతి, దారం తెగినట్టనీ, చేప ఎగిరినట్టనీ, మోటారు గాలి పట్టినట్టనీ చెప్పినవాళ్ళలో చాలామంది సరిగ్గా ఆ క్షణానికే నొక్కిన సంగతి. పెద్దమ్మ అద్దంలో వెనక బండ్లను చూస్తూ విన్నది.

"మిస్సింగన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారట. వాళ్ళాయనకు మెకానిక్కు షెడ్డుంది."

"మంచి మనిషి," అంది పెద్దమ్మ తృప్తిగా. తర్వాత స్టీరింగు పట్టుకున్న అమ్మాయి భుజం తట్టింది. "వెనకాల కూర్చున్నదెవరో తెలుసా నీకు?"

"తెలుసండీ. మీ అమ్మాయి. డాక్టరుగారు."

"డాక్టర్లు చాలామంది ఉన్నారు. నిండు బండిని వెనక్కి తిప్పింది ఇది. అందరూ చూస్తుండగా." పెద్దమ్మ అద్దాన్ని ఒకసారి సరిచేసింది. "ఆ బ్రేకు మీద కాలు తీసి, బండి కదుపు."

కారు ఈసారి కుదపకుండా కదిలింది. ఇంజను సన్నగా, సమంగా మోగింది. చిన్న డాక్టరు ముందుకు వంగి, చిన్నప్పటిలాగే సీట్ల మధ్యలోకి తల పెట్టి వింది.

"ఏం వింటున్నావే?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు. మిస్సింగు లేదు."

"ఎందుకుంటుంది?" అంది పెద్దమ్మ, తన రొమ్ము మీద అరచేత్తో ఒకసారి తట్టుకుని. "రెండూ కండిషన్లో ఉన్నాయి."